తెల్లకోటు దాకా దారి: అమెరికాలో లాటినో వైద్యవిద్యార్థుల చరిత్ర

2020 జనగణన ప్రకారం అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో లాటినోల సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. దేశ జనాభాలో అది 18.7 శాతం. అక్కడి వైద్యుల్లో మాత్రం వారి వాటా సుమారు 7 శాతమే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ హయెస్-బౌటిస్టా బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ లోటును లెక్కగట్టి చూపింది. 1980లో లక్షమంది లాటినోలకు 135 మంది లాటినో వైద్యులు ఉండేవారు. 2010 నాటికి ఆ సంఖ్య 105కి పడిపోయింది. అదే కాలంలో హిస్పానిక్ మూలాలు లేని తెల్లవారి విషయంలో అది 211 నుంచి 315కి పెరిగింది. లాటినో వైద్యులు పెరగకపోలేదు. జనాభా పెరిగినంత వేగంగా పెరగలేదు.

మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా మూలాలున్న వారందరినీ కలిపి లాటినోలంటారు. హిస్పానిక్ అన్న మాటనూ దాదాపు ఇదే అర్థంలో వాడతారు. వైద్యవిద్య చరిత్రలో ముఖ్యంగా కనిపించేవి రెండు వర్గాలు: నైరుతి రాష్ట్రాల మెక్సికన్ అమెరికన్లు, న్యూయార్క్ పరిసరాల ప్యూర్టోరికన్లు. ఇంట్లో అంతకుముందు డాక్టరు కాదు కదా, కాలేజీ మెట్లెక్కినవారే లేని కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు ఏ తరగతిలో ఏ సబ్జెక్టు తీసుకోవాలో, ఎప్పుడు ఏ పరీక్ష రాయాలో, ఎవరిచేత సిఫార్సు ఉత్తరం రాయించుకోవాలో చెప్పే మనిషి కావాలి. అమెరికన్లు ఈ పనిని మెంటరింగ్ అంటారు. లాటినోలలో ఇది ఇళ్లలో మొదలై, సంఘాల చేతికి వచ్చి, ఆ తర్వాత ప్రభుత్వ పథకంగా మారింది. మెడికల్ కాలేజీ ప్రవేశాల దగ్గర దారి ఇరుకైన ప్రతిసారీ ఈ పని ఒక మెట్టు కిందికి, చిన్న తరగతుల వైపు దిగుతూ వచ్చింది.

వేరు బడులు

1848 నాటి గ్వాడలూపె హిడాల్గో ఒప్పందంతో మెక్సికో ఉత్తర భాగం అమెరికా వశమైంది. అక్కడ ఉండిపోయిన వారికి పౌరసత్వమైతే దక్కింది గాని సమానమైన చదువు దక్కలేదు. 20వ శతాబ్దం మొదటి సగంలో టెక్సస్, కాలిఫోర్నియాల్లోని చాలా ఊళ్లలో మెక్సికన్ పిల్లలకు వేరే బడులు నడిచేవి. పైచదువుకు పనికొచ్చే పాఠాలకన్నా కుట్టుపని, వడ్రంగం వంటి చేతిపనులు నేర్పడం మీదే వాటి దృష్టి. పంటల కాలంలో పిల్లలు తల్లిదండ్రులతో కలిసి పొలాల వెంట వలసపోయేవారు. రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం దాకా చేరేవారు అరుదు. అవి చదవనివారికి మెడికల్ కాలేజీ గురించిన ఆలోచనే రాదు.

ఈ వేరు బడుల మీద మొదటి పెద్ద దెబ్బ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో పడింది. మెండెజ్ దంపతులు, మరికొన్ని మెక్సికన్ కుటుంబాలు కలిసి వేసిన దావాలో 1946లో జిల్లా ఫెడరల్ న్యాయస్థానం, 1947లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం పిల్లల పక్షానే తీర్పు చెప్పాయి. ఆ ఏడాదే గవర్నర్ ఎర్ల్ వారెన్ రాష్ట్రంలో మిగిలిన వేర్పాటు నిబంధనల రద్దు మీద సంతకం చేశారు. దావాకు కారణమైన పిల్లల్లో ఒకరైన సిల్వియా మెండెజ్ పెద్దయ్యాక నర్సయ్యారు. మూడు దశాబ్దాలకు పైగా ఆ వృత్తిలో ఉన్నారు. 2011లో ఆమెకు దేశ అత్యున్నత పౌర పురస్కారం, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, అందింది.

అన్న వెనక తమ్ముళ్లు, చెల్లెళ్లు

సంఘాలు, పథకాలు లేని రోజుల్లో దారి చూపినది కుటుంబమే. ప్యూర్టోరికో అమెరికా పాలన కిందికి రావడానికి ముందే అక్కడి నల్లజాతి యువకుడు హోసె సెల్సో బార్బోసా మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి 1880లో వైద్యపట్టా పొందాడు. అమెరికా వైద్యపట్టా పొందిన తొలి ప్యూర్టోరికన్ ఆయనే. ఆ ద్వీపంలో మెడికల్ కాలేజీ 1950 ప్రాంతంలో గాని రాలేదు. అంతవరకు డాక్టరు కావాలనుకున్నవారు సముద్రం దాటాల్సిందే. స్థానికంగా కాలేజీ వచ్చాక ఫలితం త్వరలోనే కనిపించింది. దేశ ప్రజారోగ్య ప్రధాన ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ పదవి చేపట్టిన తొలి మహిళ, తొలి హిస్పానిక్ అయిన ఆంటోనియా నోవెయో 1970లో అక్కడే పట్టా పుచ్చుకున్నారు.

టెక్సస్‌లో గార్సియా కుటుంబం కథ బాగా నమోదైంది. మెక్సికో విప్లవపు అల్లకల్లోలంలో 1917లో సరిహద్దు దాటి రియో గ్రాండే లోయలోని మెర్సిడెస్ ఊళ్లో స్థిరపడిన కుటుంబమది. మెక్సికోలో తల్లిదండ్రులిద్దరూ ఉపాధ్యాయులు. ఇక్కడ తండ్రి బట్టలు, సరుకుల వ్యాపారంలో దిగాడు. పిల్లలంతా డాక్టర్లు కావాలన్నది ఆయన పట్టుదల. వారిలో ఆరుగురు అయ్యారు కూడా. పెద్దకొడుకు హోసె ఆంటోనియో మొదట వైద్యుడై తమ్ముళ్లకు దారి తెరిచాడు. 1914లో పుట్టిన హెక్టర్ రోజూ దారినపోయే బండ్లు ఆపి ఎక్కి, 30 మైళ్ల దూరంలోని ఎడిన్‌బర్గ్ జూనియర్ కాలేజీకి వెళ్లి చదివాడు. కొడుకు చదువుకోసం తండ్రి తన బీమా పాలసీని సొమ్ము చేసుకున్నాడు. 1940లో గాల్వెస్టన్‌లో హెక్టర్‌కు వైద్యపట్టా వచ్చింది. మెక్సికన్‌ను రెసిడెన్సీకి, అంటే పట్టా తర్వాతి ఆసుపత్రి శిక్షణకు, తీసుకునే ఆసుపత్రి టెక్సస్‌లో దొరక్క నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా దాకా వెళ్లాల్సివచ్చింది.

యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి తిరిగివచ్చిన హెక్టర్ గార్సియా కార్పస్ క్రిస్టీలో అన్న దగ్గరే ప్రాక్టీసు పెట్టాడు. 1948లో మెక్సికన్ అమెరికన్ మాజీ సైనికుల కోసం అమెరికన్ జీఐ ఫోరమ్ స్థాపించాడు. మాజీ సైనికుల హక్కులతో మొదలైన ఆ సంఘం త్వరలోనే పిల్లలను బడిలో చేర్పించడం, కాలేజీ స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం వంటి పనులకు విస్తరించింది. చెల్లెలు క్లియోటిల్డె కొంతకాలం టీచరుగా పనిచేసి, ఆ తర్వాత 1954లో గాల్వెస్టన్‌లోనే వైద్యపట్టా పొంది కార్పస్ క్రిస్టీకి వచ్చింది. ఇంట్లో అన్న చేసిన సాయం సంఘం చేసే సాయంగా మారడం ఈ కుటుంబంలో స్పష్టంగా కనిపిస్తుంది.

లాస్ ఏంజెలెస్‌లో ఇలాంటి మనిషి ఫ్రాన్సిస్కో బ్రావో. పొలాల్లో కూలిపని చేస్తూ పెరిగి, స్టాన్‌ఫర్డ్‌లో వైద్యం చదివి, నగరపు తూర్పు భాగంలోని మెక్సికన్ పేటలో పేదలకోసం క్లినిక్ తెరిచాడు. అక్కడి వైద్యవిద్యా ఉన్నత పాఠశాలకు తర్వాత ఆయన పేరే పెట్టారు.

నర్సుల సంఘం

వైద్యరంగంలో డాక్టర్లే కాదు, నర్సులూ కావాలి. పనామా నుంచి 1945లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకు వచ్చిన ఇల్డౌరా మురీయో-రోడేకి ఒక సంగతి వింతగా తోచింది. ఊళ్లో ఎటు చూసినా స్పానిష్ మాటే. ఆసుపత్రుల్లో మాత్రం ఆ భాష మాట్లాడే నర్సులు దాదాపు లేరు. ఆమె అక్కడే నర్సింగ్ చదివి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, 1975లో స్పానిష్ మాట్లాడే నర్సులను ఒక బృందంగా కూడగట్టింది. అదే నేటి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ హిస్పానిక్ నర్సెస్. నర్సింగ్ సహాయకులుగా ఆగిపోయినవారిని రిజిస్టర్డ్ నర్సు చదువుకు, అక్కడి నుంచి పైపట్టాలకు నడిపించడం ఈ సంఘం పనుల్లో ముఖ్యమైనది.

భాష సమస్య ఎంత ప్రమాదకరమో 1980లో ఫ్లోరిడాలో జరిగిన ఒక కేసు చెబుతుంది. కోమాలోకి వెళ్లిన 18 ఏళ్ల యువకుడి గురించి ఇంటివాళ్లు ‘ఇంటాక్సికాడో’ అన్నారు. తిన్నదో తాగినదో పడక జబ్బు చేసిందని వాళ్ల భావం. ఆసుపత్రివాళ్లు దాన్ని మత్తుమందు అతిగా వాడాడని అర్థం చేసుకున్నారు. మెదడులో జరుగుతున్న రక్తస్రావం సంగతి ఆలస్యంగా తేలింది. ఆ యువకుడి కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడ్డాయి. లాస్ ఏంజెలెస్‌లో స్పానిష్ మాట్లాడే తల్లులకు సరిగా అర్థంకాని కాగితాల మీద సంతకాలు తీసుకుని మళ్లీ పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సలు చేశారంటూ మాడ్రిగల్ దావా సాగింది. 1978లో ఆ దావాలో తల్లులు ఓడిపోయారు. ఇలాంటి అనుభవాలు రోగి భాష తెలిసిన వైద్యుల అవసరాన్ని చర్చలోకి తెచ్చాయి.

1968 తర్వాత

1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ హైస్కూళ్ల నుంచి వేలమంది మెక్సికన్ అమెరికన్ విద్యార్థులు తరగతులు విడిచి వీధుల్లోకి వచ్చారు. తమను కాలేజీ చదువులకు తయారుచేయకుండా చేతిపనుల వైపు మళ్లిస్తున్నారన్నది వారి ఆరోపణల్లో ఒకటి. ఆ కదలికలో పెరిగిన తరం తమను చికానోలని పిలుచుకుంది. అందులో కొందరు మెడికల్ కాలేజీల్లో అడుగుపెట్టి, తమ వెనక వచ్చేవారి కోసం సంఘాలు కట్టారు. కాలిఫోర్నియాలో చికానో విద్యార్థుల సంఘాలు, ఈశాన్యంలో 1972లో ప్యూర్టోరికన్ విద్యార్థులు పెట్టిన బోరిక్వా హెల్త్ ఆర్గనైజేషన్ అలా పుట్టినవే. ప్రాంతాలవారీగా నడిచిన ఇలాంటి సంఘాలు 1987లో జాతీయ వేదికగా కలిశాయి. నేటి లాటినో మెడికల్ స్టూడెంట్ అసోసియేషన్‌కు మూలాలు అవే.

న్యూయార్క్‌లో 1970 జూలైలో యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికన్ యువజన బృందం సౌత్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రిని కొన్ని గంటలపాటు ఆక్రమించి, మెరుగైన వైద్యం కావాలని డిమాండ్ చేసింది. ఆ ఏడాదే ఆ ఆసుపత్రి పిల్లల విభాగానికి హెలెన్ రోడ్రిగెజ్-ట్రియాస్ నాయకత్వం వహించడానికి వచ్చారు. చిన్నతనంలో ఇంగ్లిషు బాగా వచ్చినా, మార్కులు బాగున్నా, ప్యూర్టోరికన్ కావడంతో న్యూయార్క్ బడిలో ఆమెను వెనకబడిన పిల్లల తరగతిలో వేశారు. ఒకరోజు ఆమె ఒక పద్యం ఒప్పజెప్పడం విన్న టీచరు ఆ పొరపాటు గ్రహించి మంచి తరగతికి మార్పించింది. ఒక టీచరు గమనించడం, గమనించకపోవడం మీద ఒక జీవితం ఎంత ఆధారపడుతుందో ఆమె మాటల్లోనే తర్వాతి తరాలు విన్నాయి. 1993లో ఆమె అమెరికన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్‌కు తొలి లాటినా అధ్యక్షురాలయ్యారు.

ప్రభుత్వం, కాలేజీలు కూడా ఈ కాలంలోనే కదిలాయి. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం 1970లో వేసిన కార్యదళం, మైనారిటీ విద్యార్థుల వాటాను 1975 నాటికి 12 శాతానికి చేర్చాలని సిఫార్సు చేసింది. 1970ల మొదట్లోనే పేద, వెనకబడిన నేపథ్యాల పిల్లలను ఆరోగ్యవృత్తులకు తయారుచేసే ఫెడరల్ పథకం, హెల్త్ కెరీర్స్ ఆపర్చ్యునిటీ ప్రోగ్రామ్, అమల్లోకి వచ్చింది. వేసవి తరగతులు, పరీక్షకు తర్ఫీదు, ఆసుపత్రిలో ప్రత్యక్ష పరిచయం, కొద్దిపాటి భృతి దీని సాధనాలు.

శాక్రమెంటోలోని క్లినికా తెపాతీ 1974లో మొదలైంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పానిష్ మాట్లాడే పేదరోగుల కోసం నడిపే ఉచిత వైద్యశాల అది. డిగ్రీ విద్యార్థులు రోగుల్ని పలకరించి చరిత్ర రాసుకుంటారు, అనువదిస్తారు. వైద్యవిద్యార్థులు పరీక్షిస్తారు. డాక్టర్లు పైనుంచి చూస్తారు. ఒకే గదిలో మూడు తరాలు వరసగా నిలబడి పనిచేయడంతో, పై మెట్టు మీదివాడు కింది మెట్టువాడికి రోజూ కనిపిస్తాడు. దారి చూపడంలో సగం పని ఆ కనిపించడమే.

పదహారు సీట్లు

డేవిస్ వైద్య కళాశాల 1968లో మొదటి తరగతిని చేర్చుకున్నప్పుడు 50 మందిలో మెక్సికన్ అమెరికన్ ఒక్కరూ లేరు, నల్లజాతివారూ లేరు. ఈ లోటు తీర్చడానికి ప్రత్యేక ప్రవేశ పద్ధతి పెట్టారు. సీట్లు వందకు పెరిగాక అందులో 16 దానికి కేటాయించారు. 1971 నుంచి 1974 వరకు ఆ పద్ధతిలో చేరిన 63 మందిలో 30 మంది మెక్సికన్ అమెరికన్లు, 21 మంది నల్లజాతివారు, 12 మంది ఆసియన్లు. రెండుసార్లు సీటు రాని అలెన్ బాకీ అనే తెల్లజాతి దరఖాస్తుదారు న్యాయస్థానానికెక్కాడు. 1978 జూన్ 28న సుప్రీంకోర్టు నిర్ణీత సంఖ్యలో సీట్లు కేటాయించడం చెల్లదంది. అనేక అంశాల్లో ఒకటిగా జాతిని పరిగణించడం మాత్రం తప్పుకాదంది. సీట్ల లెక్కతో కాకుండా, పోటీకి తట్టుకునే అభ్యర్థులను ముందుగానే తయారుచేయడం మీద కాలేజీల దృష్టి పెరగడానికి ఈ తీర్పు ఒక కారణం.

1988లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ డిగ్రీ విద్యార్థులకు వేసవి వైద్యవిద్యా శిబిరాలు ప్రారంభించింది. పేర్లు మారుతూ అవి దశాబ్దాలపాటు సాగాయి. 1991లో మెడికల్ కాలేజీల సంఘం ‘ప్రాజెక్ట్ 3000 బై 2000’ ప్రకటించింది. తక్కువ ప్రాతినిధ్యమున్న వర్గాల నుంచి 2000 సంవత్సరానికి ఏటా మూడు వేలమంది చేరాలన్నది లక్ష్యం. దాన్ని నడిపించిన హెర్బర్ట్ నికెన్స్ వాదన ఒక్కటే: కాలేజీ ప్రవేశం దగ్గర వెతికితే పిల్లలు దొరకరు, హైస్కూలు నుంచే వాళ్లను పెంచుకురావాలి. మెడికల్ కాలేజీలు బడులతో, స్థానిక కాలేజీలతో ఒప్పందాలు చేసుకోవాలి. చేరేవారి సంఖ్య 1990ల మధ్యలో రెండు వేల దాకా వెళ్లి అక్కడే ఆగింది.

ఆగడానికి కారణం న్యాయస్థానాలు, ఓట్లు. 1996లో హాప్‌వుడ్ తీర్పు టెక్సస్‌తోపాటు చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ, అదే ఏడాది ఓటర్లు ఆమోదించిన 209వ ప్రతిపాదన కాలిఫోర్నియాలోనూ ప్రవేశాల్లో జాతిని పరిగణించే వీలు తీసేశాయి. లాటినోలు ఎక్కువగా ఉన్న రెండు పెద్ద రాష్ట్రాలు అవే.

బడిదాకా దిగిన పని

దాంతో రెండు రాష్ట్రాలూ కొత్త దారులు వెతికాయి. టెక్సస్ శాసనసభ 2001లో జాయింట్ అడ్మిషన్ మెడికల్ ప్రోగ్రామ్ ఏర్పాటుచేసింది. ఆర్థికంగా వెనకబడిన విద్యార్థిని డిగ్రీ తొలినాళ్లలోనే ఎంపికచేసి, వేసవి శిక్షణ, భృతి, మార్గదర్శి ఇచ్చి, షరతులు నెరవేరిస్తే రాష్ట్ర మెడికల్ కాలేజీలో సీటు ఖాయం చేస్తుంది. ఇక్కడ కొలమానం జాతి కాదు, పేదరికం. ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2004లో లాటినో సమాజానికి వైద్యం చేయదలచినవారి కోసం ఐదేళ్ల ప్రత్యేక పాఠ్యక్రమం పెట్టింది. అదీ పుట్టుకను కాకుండా సేవచేసే ఉద్దేశాన్ని చూస్తుంది. న్యూమెక్సికోలో 2006లో హైస్కూలు పూర్తిచేసిన పిల్లలనే తీసుకుని డిగ్రీ, వైద్యవిద్య కలిపి చెప్పే పద్ధతి మొదలైంది.

ఈ పథకాలన్నిటా పని ఒకే వరసలో సాగుతుంది. హైస్కూల్లో లెక్కలు, సైన్సు వదలకుండా చూడటం మొదటి మెట్టు. డిగ్రీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర చాలామంది వెనక్కి తిరుగుతారు. అక్కడ ట్యూషను, తోటి విద్యార్థుల బృందం నిలబెడతాయి. డాక్టరు వెంట తిరిగి పని చూడటం, పరిశోధనశాలలో చేరడం తర్వాతివి. ఆపై ఎంక్యాట్ ప్రవేశపరీక్ష, దరఖాస్తుల ఖర్చు, ఇంటర్వ్యూ. సీటు రానివారికి మరో ఏడాది చదివించి మళ్లీ దరఖాస్తు చేయించే పద్ధతి కూడా ఉంది. ఇతర వర్గాలతో పోలిస్తే లాటినో వైద్యవిద్యార్థుల్లో ఫీజు తక్కువుండే కమ్యూనిటీ కాలేజీలో చదువు మొదలుపెట్టినవారు ఎక్కువ. 2002 నుంచి 2006 వరకు సర్జన్ జనరల్‌గా ఉన్న రిచర్డ్ కార్మోనా హైస్కూలు మధ్యలో మానేసి, సైన్యంలో చేరి, తర్వాత బ్రాంక్స్ కమ్యూనిటీ కాలేజీ మీదుగానే వైద్యానికి వచ్చినవాడు.

1994లో ఏర్పడిన నేషనల్ హిస్పానిక్ మెడికల్ అసోసియేషన్ వంటి సంఘాలు ఈ పథకాలకు నిధులు ఆగకుండా వాషింగ్టన్‌లో వాదిస్తూ వచ్చాయి. ఆ అవసరం తరచూ పడింది. 2006లో ఫెడరల్ ఆరోగ్యవృత్తుల పథకాలకు పెద్ద కోత పడి, చాలా విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు మూతపడ్డాయి. ఒక పిల్లవాడు తొమ్మిదో తరగతి నుంచి డాక్టరయ్యేదాకా పదిహేనేళ్లు పడుతుంది. బడ్జెట్ ఏడాదికోసారి మారుతుంది.

ఈలోగా ఖాళీలు మరోలా పూరిస్తూ వచ్చారు. 1965 వలస చట్టం తర్వాత భారత్ వంటి దేశాల్లో చదివిన వైద్యులు అమెరికాలో వైద్యులు చాలని ప్రాంతాలకు పెద్ద సంఖ్యలో వచ్చారు. వారిలో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. లాటిన్ అమెరికాలో చదివి వచ్చి, అమెరికా లైసెన్సు లేక ఇతర పనులు చేసుకుంటున్న వైద్యులను పరీక్షలకు తయారుచేసి రెసిడెన్సీలో చేర్చే కార్యక్రమం లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2000లలో మొదలైంది. చిన్నప్పుడే పత్రాలు లేకుండా వచ్చిన యువతకు 2012లో దేశబహిష్కరణ నుంచి తాత్కాలిక రక్షణ లభించాక, షికాగో సమీపంలోని లొయోలా వైద్య కళాశాల వారికి బహిరంగంగా తలుపు తెరిచిన తొలి కళాశాల అయింది.

2003లో గ్రట్టర్ తీర్పుతో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతి పరిగణనను మళ్లీ సమర్థించింది. 2023 జూన్ 29 తీర్పుతో దాన్ని దేశమంతటా ఆపేసింది. మరుసటి ఏడాది మెడికల్ కాలేజీల్లో కొత్తగా చేరిన హిస్పానిక్ విద్యార్థులు పది శాతానికి పైగా తగ్గారు.

లోయలో

చిన్న తరగతుల వైపు దిగిన ఈ పని ఎంతదూరం వచ్చిందో చూడటానికి రియో గ్రాండే లోయ తగిన చోటు. హెక్టర్ గార్సియా పెరిగిన మెర్సిడెస్‌లోనే 1984లో ఆరోగ్యవృత్తుల కోసం ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల మొదలైంది. అక్కడివారు దాన్ని మెడ్ హై అంటారు. పిల్లలు హైస్కూలు వయసులోనే ఆసుపత్రి వార్డులు చూస్తారు. హెక్టర్ దారినపోయే బండ్లెక్కి వెళ్లిన ఎడిన్‌బర్గ్ జూనియర్ కాలేజీ పేర్లు మార్చుకుంటూ పెరిగి, మరో విశ్వవిద్యాలయంతో కలిసి 2015లో టెక్సస్ రియో గ్రాండే వ్యాలీ విశ్వవిద్యాలయమైంది. 2016లో దాని వైద్య కళాశాలలో 55 మందితో తొలి తరగతి మొదలైంది. ఒకప్పుడు లోయలో పుట్టిన పిల్లవాడు వైద్యం చదవడానికి గాల్వెస్టన్‌కు, రెసిడెన్సీకి ఒమాహాకు పోవాల్సివచ్చేది. ఇప్పుడు హైస్కూలు నుంచి వైద్యపట్టా వరకు ఆ 30 మైళ్ల లోపలే చదువుకోవచ్చు.